ముందు వరుసలో దారి పక్క సీటు

“ఓటీపీ చెప్పు.”

“చెప్పను.”

“ఇంకో నిమిషంలో దాని టైమ్ అయిపోతుంది.”

“అయిపోనివ్వండి. దాని ఆయుష్షు అంతే.”

గోల్డుసారు లాప్‌టాప్ ముందు కూర్చుని, ఎవరో వచ్చి అరచేతిలో ఏదో పెడతారన్నట్టు ఒక చేయి గాల్లోకి చాపి ఉంచాడు. పెట్టాల్సిన మనిషి సోఫాలో కూర్చుని ఉంది. కుడి కాలు స్టూలు మీదికి చాపుకుని, ఫోను ఒళ్ళో బోర్లించుకుని, ఎదురుగా గోడకేసి చూస్తోంది. ఫోను గుర్రుమంది. ఆరంకెల మెసేజ్ ఇంకొకటి వచ్చిందన్నమాట. తిప్పి చూసే ఓపిక కూడా ఆవిడకి లేదు.

నిన్న రాత్రి దాకా ఆ ఇల్లు ప్రశాంతంగానే ఉంది. ఎల్లుండి విమానం. సముద్రం ఒడ్డున పెద్ద హోటల్లో కంపెనీ వార్షికోత్సవం, ఆసుపత్రులకి మిషన్లు బాగా అమ్మినందుకు గోల్డుసారుకి సన్మానం, భార్యలతో సహా రమ్మని పిలుపు. విమానంలో ముందు వరుసలో పక్కపక్కన రెండు వెడల్పు సీట్లు. ఒకటి ఆయనకి, ఒకటి ఈవిడకి. ఇన్నేళ్ళుగా కూడబెట్టిన పాయింట్లన్నీ పోసి తీసుకున్నాడు. కనబడినవాళ్ళకల్లా చెప్పుకున్నాడు కూడా.

నిన్న రాత్రి ఇంటికొచ్చి, సాక్సు విప్పుతూ, “నీ సీటు పెద్దసారు వాళ్ళావిడకి ఇస్తానని మాటిచ్చేశా,” అన్నాడు. పెద్ద విషయాలన్నీ ఆయన సాక్సు విప్పుతూనే చెప్తాడు. అప్పుడైతే తల వంచుకుని ఉండొచ్చు, ఎదుటి మొహం చూడక్కర్లేదు. “నీకు వెనకాల ఒకటి చూసి పెట్టాన్లే. చివరి వరుస, మధ్య సీటు. బాత్రూమ్ పక్కనే, నీకూ సుఖం.”

అదిగో, ఆ సుఖం దగ్గరే ఆవిడకి అరికాలి మంట నెత్తికెక్కింది. తెల్లారినా దిగలేదు.

“పెద్దసారుకి కంపెనీ సీటు ఇచ్చిందిగా. పెళ్ళానికి కూడా కావాలంటే కొనుక్కోమనండి. ఆయన దగ్గర లేకనా?”

“ఉంది. ఉండటం వేరు, మనం ఇవ్వడం వేరు. నీకు ఆఫీసు సంగతులు తెలియవు.”

“సీట్ల సంగతి తెలుసు. మీరు ఎక్కడ కూర్చుంటారు?”

“దారి పక్కన. దారికి అవతలే సార్ సీటు. ఆరు గంటలు ఆయనతో మాట్లాడే అవకాశం మళ్ళీ జన్మలో రాదు. మేడమ్ కిటికీ దగ్గర కూర్చుంటారు.”

“అంటే మొగుడికీ పెళ్ళానికీ మధ్యలో మీరు కూర్చుంటారా?”

గోల్డుసారు ఆ కోణంలో ఆలోచించినట్టు లేదు. చాపిన చేయి కిందికి దించాడు.

మరి ఓటీపీ ఈవిడ ఫోనుకి ఎందుకొస్తుంది అంటే, అది ఆయన చేసుకున్న నిర్వాకమే. వారంలో సగం రోజులు గాల్లో తిరిగే మనిషి, విమానాలవాళ్ళు గోల్డు మెంబరుని చేస్తే ఆ పేరే నిలిచిపోయింది. పైన ఉన్నప్పుడు ఫోను పనిచేయదు, కింద ఇంట్లో ఏ బిల్లో కట్టాల్సొస్తుంది. అందుకని క్రెడిట్ కార్డుకి ఈవిడ నెంబరు ఇచ్చాడు. పెళ్ళయిన కొత్తలో ఏ ఊరినుంచి ఫోన్ చేసినా “ఏం చేస్తున్నావ్?” అని అడిగేవాడు. తర్వాత్తర్వాత “ఓటీపీ చెప్పు” ఒక్కటే మిగిలింది. గరిటె చేతిలో ఉన్నా, స్టీరింగ్ చేతిలో ఉన్నా, అన్నీ ఆపి ఈవిడ చెప్పేది. పాయింట్లు ఇంకొకరి పేరు మీదికి మార్చాలన్నా ఆ నెంబరుకే వస్తుందని ఆయనకి ఇప్పుడు గుర్తొచ్చింది. నెంబరు మార్చుకుందామని బ్యాంకుకి ఫోన్ చేశాడు. మార్చాలన్నా పాత నెంబరుకే ఓటీపీ పంపుతామన్నారు.

“అమ్మాయ్,” అంటూ అత్తగారు టీ కప్పుతో హాల్లోకి వచ్చింది. పొద్దున్నుంచి ఇది ఆవిడ మూడో రాయబారం. “కొన్ని గంటలేగా. కళ్ళు మూసుకుంటే అయిపోతుంది. సర్దుకోరాదూ?”

“కొన్ని గంటలేగా అత్తయ్యా. ఆయన్నే మూసుకోమనండి కళ్ళు.”

“వాడి కాళ్ళు పొడుగు.”

“నా మోకాలు పొట్టిదా?”

అత్తగారు ఆ మోకాలి వైపు చూసింది. స్టూలు మీద బిగువుగా కట్టు కట్టుకుని ఉంది అది. డ్రైవింగ్ నేర్పే మనిషి మోకాలు. పక్క సీటు కింద ఇంకో బ్రేకు ఉంటుంది, నేర్చుకునేవాళ్ళు తడబడినప్పుడల్లా దాన్ని తొక్కాలి. ఏళ్ళ తరబడి ఊళ్ళో వాళ్ళందరి తప్పులూ ఆ ఒక్క కాలే తొక్కింది. నేర్చుకున్నవాళ్ళు ముద్దుగా బ్రేకమ్మ అని పేరు పెట్టారు. మడిచి ఎక్కువసేపు కూర్చోవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. చెప్పినప్పుడు గోల్డుసారు పక్కనే ఉన్నాడు, తల కూడా ఊపాడు.

“పెద్దసారు చేతిలో ఉన్న ఈ కొత్త పోస్టు వస్తే వాడు ఇంటి పట్టున ఉంటాడే,” అంది అత్తగారు గొంతు తగ్గించి. “ఊళ్ళు పట్టుకుని తిరగడం ఉండదు. నాకు మాత్రం ఇంకెన్నాళ్ళు? వాడు రోజూ ఇంటికొచ్చి నాతో రెండు ముద్దలు తింటే చాలు. నీక్కూడా మంచిదేగా?”

నిజమే. బ్రేకమ్మకీ అదే కావాలి. సాయంత్రం తాళం తీసేసరికి లోపల దీపం వెలుగుతూ ఉండాలని ఎన్నిసార్లు అనుకుందో లెక్కలేదు. ఆ ఆశ చూపించి సీటు లాక్కుంటున్నారనే కడుపు మండిపోతోంది.

“నన్ను అడిగి ఉంటే ఇచ్చేదాన్నేమో అత్తయ్యా,” అంది చివరికి. “అడగలేదు. మాటిచ్చేసి వచ్చి చెప్పారు.”

“ఇప్పుడు అడుగుతున్నాగా!” అన్నాడు గోల్డుసారు.

“ఇప్పుడు మీరడుగుతున్నది ఓటీపీ.”

లేచింది. కారు తాళాలు తీసుకుంది. ఫోను సంచిలో పడేసి, కుంటుకుంటూనే తలుపు దడాలున వేసి వెళ్ళింది.

*

మందుల షాపావిడ అప్పటికే కారు పక్కన నిలబడి చేతులు నలుపుకుంటోంది. నలభై దాటాక నేర్చుకుందామని వచ్చింది. షాపులో ఎవరి గొలుసుకట్టు రాతనైనా చదివేయగలదు కానీ స్టీరింగ్ చూస్తే చెమటలు పడతాయి.

“ఎక్కండి. తాళం తిప్పేముందు ఏం చేయాలి?”

“అద్దం చూసుకోవాలి.”

“దానికంటే ముందు?”

ఆవిడ బెల్టు వైపూ గేరు వైపూ మార్చి మార్చి చూసింది. ముందు నేర్చుకున్న కుర్రాడు పొడుగువాడు. సీటు వెనక్కి తోసేసి పోయాడు. ఆవిడ అంచు మీద వేలాడుతూ, కాళ్ళు అందక, అలాగే నడిపేద్దామని సిద్ధమైపోయింది.

“సీటు సరిచేసుకోవాలమ్మా,” అంది బ్రేకమ్మ, రోజూ అందరికీ చెప్పే పాఠమే. “ఎవరో వదిలేసిన సీట్లో కూర్చుని బండి నడపకూడదు. మీ కాళ్ళకి అందాలి, మీ నడుముకి ఆనాలి. మొహమాటపడి కూర్చుంటే బ్రేకు అందదు.”

“పర్లేదండీ, నేను సర్దుకుంటా.”

“సర్దుకోకండి!”

గొంతు ఎంత గట్టిగా వచ్చిందంటే మందుల షాపావిడ గబుక్కున సీటు కింద చెయ్యిపెట్టి కనబడిన పిడినల్లా లాగేసింది. సీటు ఒక్కసారిగా ముందుకొచ్చి ఆవిడ ముక్కు హారన్‌కి తగిలినంత పనైంది. ఇద్దరికీ నవ్వొచ్చింది. బ్రేకమ్మకి నిన్నటి నుంచీ ఇదే మొదటి నవ్వు.

కారు మెల్లగా కదిలి పెట్రోలు బంకు దాటింది. దగ్గర్లో వేరే బంకులు ఉన్నా ఈవిడ ఇక్కడికే వచ్చేది, ఆ కార్డుకి ఇక్కడైతే పాయింట్లు ఎక్కువ. కార్డు కొత్తగా వచ్చినప్పుడు గోల్డుసారే చెప్పాడు. “నీ డ్రైవింగ్ స్కూలు ఖర్చంతా దీని మీద పెట్టు. పెట్రోలు, టైర్లు, ఇన్సూరెన్సు, అన్నీ. ఒకరోజు ఇద్దరం ముందు వరుసలో కాళ్ళు చాపుకుని వెళ్దాం.” ఆ మాట అన్నప్పుడు ఆయన సాక్సు విప్పడం లేదు. మొహంలోకి చూసే చెప్పాడు. అందుకే నమ్మింది. ఆ పాయింట్లలో సగం ఆయన గాల్లో తిరిగి తెచ్చినవైతే, సగం ఈవిడ నేల మీద తిరిగి తెచ్చినవి.

సంచిలో ఫోను మళ్ళీ గుర్రుమంది. ఇంకో ఓటీపీ. ఇంట్లో కూర్చుని నొక్కుతూనే ఉన్నాడన్నమాట.

“ఎత్తండి, అర్జెంటేమో,” అంది మందుల షాపావిడ.

“మీరు రోడ్డు చూడండి.”

“మీ కారు చాలా శుభ్రంగా ఉంచుతారండీ.”

“మొన్న ఆదివారం మావారు కడిగారు. కడిగి, నాలుగు వైపులా ఫొటోలు కూడా తీశారు. ఇన్నాళ్ళకి దీని మీద ప్రేమ పుట్టుకొచ్చింది.”

ఎదురుగా సైకిలు వచ్చింది. మందుల షాపావిడ కళ్ళు మూసుకుంది. బ్రేకమ్మ కాలు అలవాటుగా కిందికి నొక్కింది. కారు ఆగింది, మోకాల్లోంచి తొడదాకా సూది దిగినట్టయింది. పళ్ళు బిగించి, “ఏం కాలేదు, మళ్ళీ స్టార్ట్ చేయండి,” అంది.

*

సాయంత్రం తిరిగొచ్చేసరికి గోల్డుసారు బూట్లు కూడా విప్పకుండా హాల్లో కూర్చుని ఉన్నాడు. మధ్యలో ఆఫీసుకి వెళ్ళొచ్చాడు. మొహంలో కొత్త ధీమా కనబడింది. అత్తగారు పక్క కుర్చీలో ఉంది, చేతిలో పత్రిక తలకిందులుగా ఉంది.

“కూర్చో,” అన్నాడు. “నాతో ఎలాగైనా మాట్లాడు, పడతా. మేడమ్‌తో నువ్వే చెప్పు, ఇవ్వనని. చూద్దాం నీ ధైర్యం.”

అని నెంబరు నొక్కి, స్పీకర్ పెట్టి, ఫోను బల్ల మీద ఉంచాడు. పరాయివాళ్ళ ముందు పెళ్ళాం నోరు లేవదని ఆయన లెక్క. ఇరవై ఏళ్ళుగా ఆ లెక్క తప్పలేదు కూడా.

“నమస్తే మేడమ్! నేనండీ. సీటు విషయం. మీకు కిటికీ దగ్గర పర్వాలేదు కదా?”

“ఏ సీటు బాబూ?” అవతల గొంతు తీరిగ్గా ఉంది. వెనక టీవీలో ఎవరో ఏడుస్తున్నారు.

“ముందు వరుసలోదండీ. సార్‌కి చెప్పాను కదా, నా పాయింట్లతో మీకు...”

“ఆయన నాకేం చెప్పలేదే. నేను వస్తున్నానో లేదో కూడా అడగలేదు. వార్షికోత్సవం అంటే నన్ను పూలకుండీలా మోసుకెళ్ళి ఓ మూల పెట్టడమే.” టీవీ ఏడుపు ఆగింది. “ఇంతకీ ఆ సీటు ముందు ఎవరిది?”

గోల్డుసారు గబుక్కున ఫోను అందుకోబోయాడు.

“నాదండీ,” అంది బ్రేకమ్మ.

“మీరెవరు?”

“ఈయన భార్యని. డ్రైవింగ్ నేర్పుతాను. నా మోకాలు బాగాలేదు, ఆ సీటు నాకని ముందే అనుకున్నాం. ఇప్పుడు మీకిచ్చి నన్ను వెనక చివరి వరుసలో మధ్య సీటులో కూర్చోమంటున్నారు. మీ మీద నాకేం కోపం లేదండీ. మీకు తెలియదని ఇప్పుడే తెలిసింది.”

గోల్డుసారు రెండు చేతులూ జోడించి పెళ్ళానికి మూగగా దండాలు పెట్టసాగాడు.

“అయ్యో, నాకెందుకమ్మా ఆ సీటు!” అంది మేడమ్. “మీ సీటు మీరే కూర్చోండి. వెనక మధ్య సీటు నాకివ్వండి, హాయిగా నిద్రపోతా. ఆయన చుట్టుపక్కల ఎక్కడ కూర్చున్నా లాభనష్టాలు చెప్తారు. నిద్రపోతే లేపి మరీ చెప్తారు.”

“మీరెందుకండీ వెనక్కి? ముందు రెండు సీట్లున్నాయి.”

అత్తగారి చేతిలో పత్రిక కిందికి జారింది.

“మీరు కిటికీ దగ్గర కూర్చోండి,” అంది బ్రేకమ్మ. “దారి పక్కన నేను కూర్చుంటా, కాలు చాపుకోవాలి కదా. అవతల సార్ ఉంటారు. ఆయన లాభనష్టాలు చెప్తే నేను వింటాను. మీరు పడుకోండి, మిమ్మల్ని లేపనివ్వను.”

అవతలినుంచి నవ్వు వినిపించింది. ఎన్నాళ్ళుగానో లోపల ఉండిపోయినట్టు, ఆగి ఆగి వచ్చిన నవ్వు. “అంతకంటేనా! మరి మీ ఆయన?”

“ఆయన సర్దుకుంటారు.”

ఫోను పెట్టేశాక గోల్డుసారు ఒంటికాలి మీద లేచాడు. “బుద్ధుందా నీకు? నా పరువు తీశావ్! నేను సార్‌తో మాట్లాడకపోతే ఆ పోస్టు గోవిందా! నేను చివరి వరుసలోంచి కేకలేసి మాట్లాడనా?”

“నన్ను కూర్చోబెడదామనుకున్న చోటే కదా. బాత్రూమ్ పక్కనే. మీకూ సుఖం.”

“అమ్మా, చూశావా?”

అత్తగారు కొడుకునీ చూసింది, కోడలి మోకాలినీ చూసింది. “కొన్ని గంటలేగా నాన్నా,” అంది నీరసంగా.

బ్రేకమ్మ తన ఫోను తీసింది. ఆయన ప్రయాణాలన్నిటికీ సీట్లు ఎంచి పెట్టేది ఆవిడే. రెక్కకి ముందు, ఎడమవైపు, దారి పక్కన. కాస్త తేడా వస్తే ఎయిర్‌పోర్టు నుంచి ఫోన్ చేసి అరిచేవాడు. ఎక్కడ ఏం నొక్కాలో వేళ్ళకి తెలుసు. పొద్దున ఆయనే ఎక్కించి పెట్టిన మేడమ్ టికెట్టు వివరాలు అలాగే ఉన్నాయి. ఎవరి సీటు ఇస్తున్నారు అన్నచోట తన పేరు తీసేసి ఆయన పేరు పెట్టింది. ఇచ్చినవాళ్ళకి చివరి వరుస మధ్య సీటు అన్నది మాత్రం అలాగే ఉంచింది.

“అది నొక్కావంటే నేనసలు రాను,” అన్నాడు ఆయన. “సన్మానం నాకు. నేనే రాకపోతే?”

“మీ ఇష్టం. సీటైతే ఉంది.”

నొక్కింది. ఫోను గుర్రుమంది. ఆరంకెలు వచ్చాయి. ఈసారి ఎవరికీ చదివి వినిపించక్కర్లేదు. ఒక్కొక్క అంకె తనే కొట్టింది. భయం లేదనడం అబద్ధం, చివరి అంకె దగ్గర వేలు ఆగింది. ఆ పోస్టు పోతే ఇంట్లో ఎన్నేళ్ళు ఈ మాట పడాలో ఆవిడకి తెలుసు. అయినా కొట్టింది.

బల్ల మీద ఆయన ఫోను టింగుమంది. కొత్త సీటు వచ్చింది. చివరి వరుస, మధ్యది. ఆయన దాన్ని చూస్తూ కుర్చీలో కూలబడ్డాడు. వీధిలో ఎవరో కారు వెనక్కి తిప్పుతున్నారు, గేరు కరకరలాడింది. బ్రేకమ్మ అలవాటుగా మొహం చిట్లించింది.

అప్పుడే ఆయన ఫోను మోగింది. పెద్దసారు.

గోల్డుసారు ఎత్తలేదు. ఫోను పెళ్ళాం వైపు తోశాడు. “నువ్వే చెప్పుకో. నువ్వే కదా అంతా చేసింది.”

“చెప్తా. నాకేం భయం?” అని ఎత్తింది. “నమస్కారమండీ. ఆయన కాదు, వాళ్ళావిణ్ణి. ఎల్లుండి ఆయన వెనక కూర్చుంటారు. మీ పక్కన కూర్చునేది నేను. ఆయనతో ఏమైనా మాట్లాడాలంటే నాతో మాట్లాడొచ్చు.”

“చెప్పిందమ్మా మా ఆవిడ, ఇంకా నవ్వుతూనే ఉంది,” అన్నాడు పెద్దసారు. కోపం లేదు గొంతులో. “మంచిదే అయింది. నేనూ మీకు థాంక్స్ చెప్దామనుకుంటున్నా. ఇంత పెద్ద మనసు అందరికీ ఉండదు.”

“సీటుకేనాండీ?”

“సీటు కాదమ్మా. కొత్త ఆఫీసు వేరే దేశంలో కదా. అక్కడికి కాపురం మార్చడానికి మీరు వెంటనే ఒప్పుకున్నారట. డ్రైవింగ్ స్కూలు మూసేయడానికి కూడా. కారు అమ్మకానికి పెట్టేశామని, పెద్దావిణ్ణి చూసుకోవడానికి ఏదో ఏర్పాటు చేశామని మీవారు మొన్నే చెప్పారు. ఆ మాట మీదే కదా ఆయన పేరు పైకి పంపాను.”

నాలుగు వైపులా తీసిన ఫొటోలు బ్రేకమ్మకి గుర్తొచ్చాయి. ఎదురుగా అత్తగారు ఏమీ తెలియక, సీటు గొడవ తెమిలిందా అన్నట్టు కళ్ళతో అడుగుతోంది. కొడుకు రోజూ ఇంటికొచ్చి తనతో రెండు ముద్దలు తింటాడని కూర్చున్న మనిషి.

బ్రేకమ్మ స్పీకర్ నొక్కింది. ఫోను బల్ల మధ్యలో పెట్టింది.

“సార్,” అంది, ఒక్కొక్క మాటా విడమరిచి. “ఇప్పుడు చెప్పిందంతా ఇంకోసారి చెప్పండి. మా అత్తయ్య కూడా వినాలి.”

గోల్డుసారు ఆపలేదు. తల వంచుకుని, బూట్లు విప్పి పక్కన పెట్టి, సాక్సు విప్పుకోవడం మొదలుపెట్టాడు.